క్రేను మీద గింజల నీళ్ళు

ఫిబ్రవరి 9

ఆకాశంలో ఉద్యోగం చేసే మా మేనకోడలికి, నేల మీద నిలబడి మెడ నొప్పెట్టేదాకా పైకి చూసే మేనత్త రాయునది.

ఫోన్ చేస్తే నాకు వినపడదు. నాకు వినపడేలా నువ్వు మాట్లాడితే మీ వీధి మొత్తానికీ వినపడుతుంది. కాబట్టి మనిద్దరికీ ఉత్తరమే మర్యాద.

దీనితోపాటు ఒక పొట్లం వస్తుంది. విప్పి చూసి పిట్టల మేత పంపిందేమిటని అనుకోకు. అవి చియా గింజలు. ఒక చెంచాడు గింజలు పెద్ద గ్లాసుడు నీళ్ళలో వేసి కలుపు. కాసేపాగి మళ్ళీ కలుపు, లేకపోతే అడుగున ముద్దకడతాయి. పొద్దున లేచేసరికి ఒక్కో గింజా ఉబ్బి, చుట్టూ జిగురు పట్టి ఉంటుంది. నిమ్మకాయ పిండుకుని తాగెయ్యి. పార్కులో నాతోపాటు నడిచే రిటైర్డు టీచరమ్మ నేర్పింది. తాగడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నా కడుపు చెప్పిన మాట వింటోంది, మధ్యాహ్నం దాకా ఆకలి గోల లేదు, మోకాళ్ళు కూడా తేలికపడ్డట్టున్నాయి. నోరు మాత్రం తగ్గలేదని మీ నాన్న అంటున్నాడు. దానికి గింజలు చాలవట.

ఎందుకు పంపుతున్నానంటే, మొన్న నువ్వు పంపిన ఫోటో చూశాను. హెల్మెట్టు బాగుంది, పసుపు కోటు బాగుంది. పెదాలు పగిలి ఉన్నాయి, కళ్ళు గుంటలు పడ్డాయి. ఆసుపత్రి లాండ్రీలో ముప్పై ఏళ్ళు దుప్పట్లు ఉతికినదాన్ని నేను. ఆ మిషన్లు నా చెవులు తీసుకున్నాయి గానీ కళ్ళు నాకే వదిలేశాయి. నువ్వు నీళ్ళు తాగడం లేదు. ఎందుకు తాగడం లేదో రాయి. అబద్ధం రాసేటప్పుడు నీ అక్షరాలు కుడిపక్కకి ఒరుగుతాయి. చిన్నప్పటి నుంచీ అంతే, గుర్తుంచుకో.

పైన ఉన్నంతసేపూ దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉండు.

నువ్వు పేరు పెట్టిన దండోరా అత్త


ఫిబ్రవరి 21

దండోరా అత్తకి,

కప్ప గుడ్లు అందాయి. నువ్వు చెప్పినట్టే నానబెట్టాను. నాతో గదిలో ఉండే బేకరీ అమ్మాయి పొద్దున ఆ గ్లాసు చూసి, ఇందులోంచి ఏదైనా పుడితే నీ మంచం మీదే పడుకోబెట్టుకో అంది.

ఉద్యోగం బాగుంది. మేం కట్టే భవనం ఇప్పటికి మెడదాకా వచ్చింది, తల ఇంకా రాలేదు. క్రేను దానికంటే ఎత్తు. నిచ్చెన మీద నిచ్చెన ఎక్కి పైకి చేరేసరికి ఊపిరి నాకంటే వెనకబడి వస్తుంది. పైన నా గది బీరువా అంత ఉంటుంది, కాళ్ళ కింద అద్దం. కింద ఎర్ర గ్లౌజులు వేసుకుని సైగల బాబాయి నిలబడతాడు. ఏ బరువు ఎటు వెళ్ళాలో చేతులతో చూపిస్తాడు. పిడికిలి బిగించాడంటే అక్కడే ఆపెయ్యాలి. పదిమంది కదపలేని ఇనుప చువ్వల కట్టని నేను రెండు వేళ్ళతో లేపి, పై అంతస్తులో చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పడుకోబెడతాను. ఈ సైటు మీద ఆ పని చేసే ఆడది నేనొక్కదాన్నే.

నీళ్ళు తాగుతూనే ఉన్నాను. బోలెడు. నువ్వు దిగులుపడకు. అది సరే గానీ, చెవి డాక్టరు ఇచ్చిన మిషను ఇంకా డబ్బాలోనే ఉందట కదా, నాన్న చెప్పాడు. ఊళ్ళోవాళ్ళకి గింజలు పంచేవాళ్ళు ముందు తమ చెవుల సంగతి చూసుకోవాలి.

నీ గాలిపటం


మార్చి 4

గాలిపటానికి,

"బోలెడు" దగ్గర నీ అక్షరాలు ఒరిగి ఒరిగి పక్క మాట మీద పడుకున్నాయి. నీళ్ళు నమలకు. నేను తాగమన్నాను.

నాకు సంగతి అర్థమైంది. ఆ జిగురు చూస్తే నీకు నామోషీ. చుట్టూ మగాళ్ళు, వాళ్ళ ముందు ఆ సీసా ఎత్తితే నవ్వుతారని భయం. నవ్వనీ. నవ్విన నాపచేనే పండుతుంది. నువ్వు క్రేను నేర్చుకుంటానన్నప్పుడు మన ఇంట్లోవాళ్ళే నవ్వలేదా? ఇప్పుడు వాళ్ళే నీ ఫోటో జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు.

నా చెవుల సంగతంటావా, నా చెవులు నా ఇష్టం. ఇన్నేళ్ళు లోకం చెప్పింది విన్నాను. మిగతాది చదువుకుంటాను.

ఈసారి పెద్ద మూతి ఉన్న ప్లాస్టిక్ సీసా కూడా పంపుతున్నాను. అద్దంలా ఉంటుంది, లోపల గింజలు అందరికీ కనపడాలనే కొన్నాను. నా మీద ఒట్టు, రోజూ ఆ గింజలు నీ కడుపులోకి వెళ్ళాలి. వెళ్ళలేదని తెలిస్తే నేనే వచ్చి నీ నిచ్చెనెక్కుతాను. మోకాళ్ళు తేలికపడ్డాయని ముందే చెప్పాను కదా.

అత్త


మార్చి 18

అత్తా,

ఒట్టు పెట్టావు కాబట్టి రోజూ గింజలు తిన్నాను. ఏమైందో చెబుతాను. కడుపు బిగుసుకుపోయింది, రాయి మింగినట్టుంది. మొన్న పైన కూర్చుని ఉండగా నొప్పి మెలితిప్పేసింది. బరువు అక్కడే ఆపి, క్రేను నడిపే లివరు మీంచి చెయ్యి తీసి, రెండు చేతులతో పొట్ట పట్టుకుని వంగిపోయాను. చువ్వల కట్ట గాల్లో వేలాడుతోంది. సైగల బాబాయి నాకేమైందో తెలియక, కట్ట కింద ఉన్నవాళ్ళందరినీ అరిచి పక్కకి తోలాడు. నా పనిలో చెయ్యి వణకకూడదు అత్తా. వణికితే కింద మనుషులుంటారు.

డాక్టరు దగ్గర మందు తెచ్చుకున్నాను. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఇక గింజలు పంపకు. నీళ్ళ గురించి అడగకు. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదినట్టు నేను చెబుతూనే ఉన్నాను, నువ్వు పంపుతూనే ఉన్నావు.

ఉంటాను.


మార్చి 27

మేనకోడలికి,

శంఖం మాట చదివి ఒక పూటంతా నీతో మాట్లాడలేదు. నువ్వక్కడ, నేనిక్కడ కాబట్టి నీకు తెలిసి ఉండదు.

కోపం తగ్గాక భయం పట్టుకుంది. నేను పంపిన గింజలు నీ కడుపులో రాయి అయితే, ఆ రాయి నాదే. పొట్లం పట్టుకుని మందుల షాపుకి వెళ్ళాను. అక్కడావిడ నాకోసం అంతా కాగితం మీద రాసి చూపించింది. ఈ గింజలు తమ బరువుకి ఎన్నో రెట్లు నీళ్ళు పీలుస్తాయట. మనం సరిగ్గా నీళ్ళు తాగితే వాటిలో ఉన్న పీచు కడుపుని కదిలిస్తుంది. తాగకపోతే లోపలున్న తడి లాక్కుని గడ్డకట్టి కూర్చుంటుంది. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి ఇరుక్కునే ప్రమాదం కూడా ఉందట. బీపీకో, రక్తం పలచబడడానికో మందులు వాడేవాళ్ళు డాక్టరుని అడిగే తాగాలట. కడుపు నిండుగా ఉంచడం నిజమే, కాస్త మంచి కొవ్వు ఉండడం నిజమే. మోకాళ్ళకీ వాటికీ మాత్రం ఏ చుట్టరికమూ లేదంది. ఆ మాట టీచరమ్మకి ఇంకా చెప్పలేదు, మనసు కష్టపెట్టుకుంటుంది.

చివరికి ఆవిడ ఒకటే అడిగింది, మీ అమ్మాయి వీటిని ఎన్ని నీళ్ళతో తీసుకుంది అని. పొట్లం తిరిగి సంచిలో పెట్టుకుని వచ్చేశాను.

నీకు జిగురంటే నామోషీ కాదు, నీళ్ళంటేనే భయం. ఎందుకో నాకు అంతుపట్టడం లేదు. తిట్టను. అక్షరాలు నిలబెట్టి రాయి.

అత్త


ఏప్రిల్ 6

అత్తా,

నిలబెట్టే రాస్తున్నాను. క్రేను మీద బాత్రూం లేదు.

పొద్దున ఎక్కితే మధ్యాహ్నం భోజనానికి దిగుతాను. మళ్ళీ ఎక్కితే సాయంత్రమే. మగ ఆపరేటర్లు పైకి ఒక ఖాళీ సీసా తీసుకెళ్తారు, సాయంత్రం తెచ్చి పారబోస్తారు. నాకు ఆ దారి లేదు. పోనీ మధ్యాహ్నం దిగినప్పుడు వెళ్దామంటే చోటు లేదు. కింద రేకుల గది ఒకటుంది, దానికి తలుపు లేదు, అది మగవాళ్ళది. ఇంజనీర్ల ఆఫీసులో పలకలు పరిచిన బాత్రూం ఉంది, దానికి తాళం. ఇటుకలు మోసే ఆడవాళ్ళు చీకటి పడేదాకా బిగబట్టుకుంటారు. ఆగలేనివాళ్ళు సిమెంటు బస్తాల వెనక్కి వెళ్తారు, ఒకరికి ఒకరు కాపలా. వాళ్ళు నాలుగు పక్కలా చూసుకుంటారు గానీ పైకి చూడరు. పైనుంచి నాకు అన్నీ కనపడతాయి. నేనే మొహం తిప్పుకుంటాను.

అందుకని లేచిన దగ్గర్నుంచి పని అయ్యేదాకా నీళ్ళు ముట్టను. నీ ఒట్టు తీరాలి, నీళ్ళు తాగకూడదు. ఏం చేశానో తెలుసా, రెండు చెంచాల నీళ్ళలో గింజలు ముద్దలా నానబెట్టి మింగాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను.

ఇంకో సంగతి ఉంది. చలికాలం నుంచి ఇప్పటికి రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండోసారి జ్వరంతో ఆసుపత్రిలో పడుకున్నాను. ఇలాగే బిగబట్టుకుంటూ, గొంతెండబెట్టుకుంటూ ఉంటే కిడ్నీలు పాడవుతాయని డాక్టరమ్మ చెప్పేసింది. నాన్నకి తెలుసు, నీకు చెప్పొద్దని నేనే అన్నాను. ఉద్యోగం మానెయ్యమంటున్నాడు. మానను. ఆ కుర్చీ కోసం లారీలు కడిగాను, నట్లు బిగించాను, నీకెందుకమ్మా అన్న ప్రతివాడి ఎదుటా పరీక్ష నెగ్గాను. అది నా కుర్చీ. కానీ కిడ్నీలు కూడా నావే కదా అత్తా. రెండిట్లో ఏది వదులుకోమంటావు?

గాలిపటం


ఏప్రిల్ 14

ఒసేయ్ పిచ్చిదానా,

ఏదీ వదలకు. దిగు.

దాహమేస్తే తాగు. అవసరం వస్తే దిగు. బరువు గాల్లో ఉంటే జాగ్రత్తగా కింద పెట్టి, చెప్పి మరీ దిగు. ఎందుకు దిగావని అడిగితే ఎందుకో చెప్పు. గొణక్కు, నేను మాట్లాడినట్టు మాట్లాడు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, తాళం వేసినవాడు.

లాండ్రీలో మా సూపర్‌వైజరు, ఏ ఆడది ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్ళిందో చూసుకుంటూ కూర్చునేవాడు. ఒకరోజు అందరం ఒకేసారి లేచి వెళ్ళాం. మిషన్లు వాటి మానాన అవి తిరుగుతున్నాయి. వార్డులకి దుప్పట్లు వెళ్ళలేదు. పెద్ద డాక్టరు మెట్లు దిగి మా గదికొచ్చాడు, అంతకుముందు ఆయనకి మా గది ఎక్కడుందో కూడా తెలియదు. ఆ మర్నాటి నుంచి సూపర్‌వైజరు తన పని తాను చూసుకున్నాడు.

మీ నాన్న పోరు నష్టం, పొందు లాభం అంటాడు. నా తమ్ముడే, మంచివాడే, కానీ జీవితంలో ఒక్కరోజు బిగబట్టుకుని కూర్చున్నవాడు కాదు. అడగందే అమ్మైనా పెట్టదు. మీ ఇంజనీరు నీకు అమ్మ కూడా కాదు.

నాకు మండిపోయే మాట ఇంకొకటుంది. నువ్వు ఆసుపత్రిలో ఉన్నప్పుడు వాడు మా ఇంట్లో కూర్చునే ఫోన్‌లో నీతో మాట్లాడి ఉంటాడు. నేను ఎదురుగా టీ పోస్తూనే ఉండి ఉంటాను. ఒక్క ముక్క నా చెవిన పడలేదు. దాని సంగతి నేను చూసుకుంటాను.

సీసా నిండా నీళ్ళు పోసి, గింజలు వేసి, అందరికీ కనపడేలా పట్టుకుని ఎక్కు.

అత్త


మే 3

అత్తా,

దిగాను.

మొదటిరోజు నీ సీసా సగం తాగేసరికే కబురొచ్చేసింది. అప్పుడు హుక్కుకి కాంక్రీటు తొట్టి ఉంది. దాన్ని నేల మీద పెట్టి, రేడియోలో చెప్పాను: "క్రేను ఆపుతున్నాను. బాత్రూంకి దిగుతున్నాను." ఆ రేడియో సైటు మొత్తం వింటుంది. సైగల బాబాయి గ్లౌజులు తీసి చంకలో పెట్టుకుని, దారిలో ఉన్నవాళ్ళని జరగమన్నాడు.

మట్టి బూట్లతోనే ఆఫీసులోకి వెళ్ళి తాళంచెవి అడిగాను. ఇంజనీరు తర్వాత చూద్దాంలే అన్నాడు. సరే సార్, నేను ఇక్కడే నిలబడతాను, క్రేను అక్కడే నిలబడుతుంది అన్నాను. ఆయన కిటికీలోంచి చూశాడు. పై అంతస్తులో మనుషులు ఊరికే నిలబడి ఉన్నారు, గేటు దగ్గర కాంక్రీటు లారీ డ్రమ్ము తిరుగుతూనే ఉంది. తాళంచెవి ఇచ్చాడు.

అప్పట్నుంచి రోజూ దిగాను. నాలుగోరోజో ఐదోరోజో నా వెనకాలే ఇటుకలావిడ ఒకతె వచ్చి నిలబడింది. మర్నాడు ఆమె వెనక ఇంకా కొంతమంది. అక్కడ ఆఫీసువాళ్ళకి కాలింది.

సేఫ్టీ ఆఫీసరు వచ్చి నా సీసా పైకెత్తి వెలుతురులో చూశాడు. నల్లగా, జిగురుగా తేలుతున్నాయి కదా, ఏదో మత్తుమందు అని తేల్చేశాడు. ఇన్నిసార్లు దిగడానికి కారణం ఇదేనట. గింజల నీళ్ళు సార్ అని ఆయన ముందే గటగటా తాగి చూపించాను. దాంతో అనుమానం ఇంకా పెరిగింది. మిగిలింది సంచిలో పెట్టి, సీలు వేసి లాబుకి పంపారు. ఫలితం వచ్చేదాకా క్రేను ఎక్కకూడదన్నారు. పని మధ్యలో ఇక దిగనని రాసి సంతకం పెడితే, పరీక్షతో పనిలేకుండా రేపే ఎక్కవచ్చట.

ఇప్పుడు గదిలో కూర్చున్నాను. కిటికీలోంచి నా క్రేను కనపడుతుంది. నా కుర్చీలో ఇంకొకణ్ణి కూర్చోబెట్టారు. వాడు దాన్ని మరీ విసురుగా తిప్పుతున్నాడు, చూడలేక కర్టెను వేసేశాను. నాన్న రోజూ ఫోన్ చేసి సంతకం పెట్టెయ్యమంటున్నాడు. ఇంకా పెట్టలేదు. కానీ నాకు భయంగా ఉంది అత్తా, నిజంగా భయంగా ఉంది.

గాలిపటం


మే 10

గాలిపటానికి,

నీ ఉత్తరం వచ్చేసరికే నాకు సంగతి తెలుసు. చెవికి మిషను పెట్టుకున్నాను.

పెట్టుకున్న మొదటిరోజు ఇల్లంతా పోట్లాడుకుంటున్నట్టు అనిపించింది. కుళాయి కారుతోందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు. నా చెప్పులకి అంత చప్పుడుందనీ తెలియదు. సాయంత్రం మీ నాన్న వచ్చి, నాకు వినపడదన్న ధీమాతో నా ఎదురుగానే మీ ఆఫీసువాళ్ళెవరితోనో ఫోన్‌లో చెబుతున్నాడు, పిల్ల చేత సంతకం పెట్టించే పూచీ నాదని. ఏమన్నావురా అన్నాను. టీ ఒంటి మీద ఒలకబోసుకున్నాడు.

వాడు ఏడ్చాడే. "నాకు దాని కిడ్నీల భయం అక్కా" అన్నాడు. "సంతకం పెడితే పోయేవి ఆ కిడ్నీలేరా" అన్నాను. లేచి, కుళాయి బాగుచేసి వెళ్ళాడు. ఇక నిన్ను సంతకం అడగడు.

నువ్వు సంతకం పెట్టకు. వాళ్ళని గింజలు పరీక్షించుకోనీ. టీచరమ్మకి చెబితే, తన గింజలు లాబు దాకా వెళ్ళాయని పార్కంతా చెప్పుకుంటోంది. భయపడితే భయపడు, తప్పులేదు, నేనూ ఆ రోజు లాండ్రీలో భయపడుతూనే లేచాను. మొండివాడు రాజుకంటే బలవంతుడంటారు, మొండిది ఎవరికంటే బలమైనదో వాళ్ళకి ఇంకా తెలియదు.

ఫోన్ చెయ్యి, ఇప్పుడు వినపడుతుంది. అయినా ఉత్తరం రాయడం మానకు. అక్షరాలు ఒరిగాయో లేదో ఈ మిషను చెప్పదు.

అత్త


మే 24

దండోరా అత్తకి,

లాబువాళ్ళు తేల్చారు. నీళ్ళు, నిమ్మరసం, గింజలు. సేఫ్టీ ఆఫీసరు ఆ కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళబోతుంటే ఆపాను. నన్ను మత్తుమందు మనిషన్నది సైటంతా విన్నది కాబట్టి ఇది కూడా సైటంతా వినాలి సార్ అన్నాను. రేడియోలో చదివాడు. నిమ్మరసం దగ్గర ఎవరో నవ్వారు.

నేను లేనప్పుడు ఏం జరిగిందో సైగల బాబాయి చెప్పాడు. రెండో క్రేను మీద పనిచేసే మీసాలన్న, ఇన్నేళ్ళలో నాతో నాలుగు మాటలు మాట్లాడని మనిషి, నన్ను పంపించిన మర్నాటి నుంచి తనూ రేడియోలో చెప్పి దిగడం మొదలుపెట్టాడట. అడిగితే, సీసా మోసి మోసి విసుగొచ్చింది అన్నాడట. రెండు క్రేన్లూ ఆగిపోతుంటే పైవాళ్ళకి లెక్క అర్థమైంది. నా క్రేను పాదం దగ్గర ఇటుకలతో బాత్రూం గది కట్టారు. కుళాయి ఉంది, నీలం తలుపు ఉంది.

ఇవాళ నేను మళ్ళీ ఎక్కే రోజు. ఇంజనీరు అందరి ముందూ నాకు కొత్త తాళంకప్ప, దాని చెవి ఇచ్చాడు. ఈ గది ఆపరేటరుకి ప్రత్యేకం, మిగతావాళ్ళకి అలవాటు చెయ్యకమ్మా అన్నాడు. ఆ గది గోడకి ఇటుకలు మోసినవాళ్ళే ఆయన వెనక తట్టలతో నిలబడి వింటున్నారు. నేను థాంక్స్ చెప్పి రెండూ తీసుకున్నాను. సైగల బాబాయికి ఇచ్చి హుక్కుకి గట్టిగా కట్టమన్నాను. ఎందుకని అడగకుండా, ఇనుప తీగతో కట్టాడు.

ఎక్కాను. హుక్కుని పైకంటా లేపి సైటు నడిమధ్యకి తిప్పి ఆపాను. తాళంకప్ప ఎండలో మెరుస్తోంది. ఏమిటది అని ఇంజనీరు రేడియోలో అడిగాడు. "మీ తాళం సార్. కావాలంటే ఎక్కి తెచ్చుకోండి" అన్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ దాకా ఎవరూ ఎక్కలేదు. కింద నీలం తలుపు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. గింజలు అయిపోయాయి, ఈసారి పెద్ద సంచి పంపు. ఇటుకలు మోసేవాళ్ళు కూడా అడుగుతున్నారు. నీళ్ళు దండిగా తాగాలని నేను చెప్పాను, నువ్వు కూడా రాయి.

ఇటుకలావిడ బయటికి వచ్చి, చేతులు పైటకి తుడుచుకుని, తలెత్తి నేరుగా నా గది వైపు చూసింది. నేను మొహం తిప్పుకోలేదు. సీసా పైకెత్తి ఆమెకి చూపించి, తాగాను.

నీ గాలిపటం